సిపాయి వైపు నుంచి చెప్పిన చరిత్ర

బ్రిటిష్ సైనిక చరిత్రకారుడు రిచర్డ్ హోమ్స్ గారి మీద మీరు వేసిన వ్యాసం బాగుంది. 1969 నుంచి శాండ్‌హర్స్ట్ సైనిక అకాడమీలో పాఠాలు చెప్పడం, అక్కడి పార్ట్‌టైమ్ సైన్యమైన టెరిటోరియల్ ఆర్మీలో బ్రిగేడియర్ దాకా ఎదగడం, బీబీసీలో యుద్ధభూముల మీద నడుస్తూ కథ చెప్పడం అన్నీ రాశారు. కానీ ఆయన మనసంతా మామూలు సిపాయి ఏం తిన్నాడు, ఎలా భయపడ్డాడు అన్నదాని మీదే ఉండేది. ఆ సంగతి ఇంకొంచెం చెప్పాల్సింది.

మా విశాఖలో ఆ పని బీచ్ రోడ్డులో మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామిలో గైడ్లుగా ఉన్న రిటైర్డ్ నేవీ వాళ్లు చేస్తున్నారు. మొన్న మా అబ్బాయిని తీసుకెళ్లాను. టార్పెడోల పక్కనే ఉన్న ఇరుకు పడక చూపించి, "ఇక్కడే పడుకునేవాళ్లం బాబూ" అన్నారు ఒక పెద్దాయన. వాడు ఆ పడక మీద చెయ్యి వేసి చాలాసేపు కదల్లేదు.

1971 యుద్ధంలో, డిసెంబరులో, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మా తీరం దగ్గర మునిగిన రాత్రి కిటికీలు అదిరాయని మా అమ్మమ్మ చెప్పేది. 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడ్డాక జనం మూటాముల్లె సర్దుకుని ఊరు వదిలిన సంగతీ ఆవిడే చెప్పింది. నేను ఒక్క మాటా రికార్డు చెయ్యలేదు. ఇప్పుడు ఆవిడ లేదు. 71 యుద్ధం చూసినవాళ్లు మన వీధుల్లో ఇంకా ఉన్నారు. దయచేసి వాళ్ల దగ్గర కూర్చుని, ఫోన్లోనైనా సరే, వాళ్ల గొంతు దాచిపెట్టండి.