రాళ్లలో తిరిగే బండికి జిగురు షాఫ్టా?

పొద్దున్నే ఒళ్లు మండిపోయింది. వికారాబాద్ వైపు రాళ్ల దారిలో తమ్ముడి థార్ ఆగిపోతే, వారంటీ కోసం యాక్సెసరీస్ షాపుకు ఫోన్ చేశా. "సార్, అది ఆఫ్‌రోడ్‌కి వాడకూడదు, కార్డు మీద రాసే ఉంది" అన్నారు. మడ్ టైర్లు, లిఫ్ట్ కిట్ ఉన్న బండికి ఆ కార్బన్ ఫైబర్ ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాల వైపు పవర్ మోసే గొట్టం) బిగించిన రోజు ఆ కార్డు ఎక్కడుంది? అప్పుడు బరువు తగ్గుతుంది, స్మూత్‌గా ఉంటుంది అన్నారు తప్ప ఇంకో ముక్క మాట్లాడలేదు!

లో రేంజ్‌లో (వేగం తగ్గించి, టార్క్ అంటే తిప్పే బలం పెంచే గేర్‌లో) ఎక్కుతుంటే వెనక చక్రం జారి గిర్రున తిరిగి, రాయి దొరకగానే టక్కున పట్టుకుంది. టప్‌మని చప్పుడు. అంతే, వెనక చక్రాలకు పవర్ లేదు. కిందకి దూరి చూస్తే గొట్టం మీద గీత కూడా లేదు, షాఫ్ట్ చివర కీలులా తిరిగే యూజే క్రాస్ బాగానే ఉంది. గొట్టం చివర జిగురుతో అతికించిన ఉక్కు ముక్క, అదే యోక్, మాత్రం గొట్టంలో ఊరికే తిరుగుతోంది. బయటికి లాగితే అతుకు ఉండాల్సిన చోట ఉక్కు అద్దంలా నున్నగా ఉంది, జిగురంతా కార్బన్ వైపే ఉండిపోయింది. అంటే జిగురు తెగలేదు, ఉక్కుకు సరిగ్గా పట్టనేలేదు.

అతికించే ముందు ఉక్కును గ్రిట్ బ్లాస్టింగ్‌తో గరుకు చెయ్యాలి, జిడ్డు లేకుండా కడగాలి, ఎపాక్సీ జిగురు మందం చుట్టూ ఒకేలా ఉండాలి. వేలిముద్ర జిడ్డు చాలు పట్టు చెడటానికి. ఇవన్నీ చేశారో లేదో కొనేవాడికెలా తెలుస్తుంది? వెల్డింగ్ అయితే అతుకు గీత (బీడ్) చూసి మా లారీ మెకానిక్ అన్న ఇట్టే చెప్పేస్తాడు. అతుకు పొడవు పెంచాం, ఇంకేం కాదు అని కూడా అమ్మేస్తున్నారు. ఒత్తిడంతా అతుకు రెండు అంచుల దగ్గరే పోగుపడుతుంది. పొడవు రెట్టింపు చేసినంత మాత్రాన బలం రెట్టింపు కాదు.

పొడవాటి షాఫ్ట్ మహా వేగంగా తిరిగేటప్పుడు ఊగకపోవడమే కార్బన్ గొప్పతనం. నడక వేగంతో రాయి ఎక్కే బండికి అదెందుకు? ఇక్కడ వేగం తక్కువ, టార్క్ ఎక్కువ. జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో లో రేంజ్ నిష్పత్తి 4:1. గేర్‌బాక్స్ నుంచి వచ్చే టార్క్ నాలుగింతలై షాఫ్ట్‌ల మీద పడుతుంది. దానికి తోడు పక్కనే సైలెన్సర్ పైపు వేడి, ఆ వెంటనే వాగు నీళ్లు. వేడెక్కితే ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది, కార్బన్ గొట్టం అందులో కొద్ది వంతే. ప్రతిసారీ నలిగేది మధ్యలో ఉన్న జిగురే. మధ్యలో గాజునార పొర లేకుండా కార్బన్, ఉక్కు ఒకదానికొకటి తగిలితే తడి బురదలో ఉక్కు తుప్పు కూడా పడుతుంది.

బీఎండబ్ల్యూ వాళ్లే ఎం3, ఎం4లకు 2014లో కార్బన్ షాఫ్ట్ ఇచ్చి, 2017 చివర్లో ఉక్కుకు మారారు. ఎగ్జాస్ట్ ఫిల్టర్‌కు చోటు కావాల్సొచ్చింది, ఆ కార్బన్ గొట్టమేమో లావు. మన బండి కింద లావు గొట్టమంటే రాయికి ఇంకాస్త దగ్గర. ఉక్కుకు సొట్ట పడితే కంటికి కనిపిస్తుంది. కార్బన్ లోపల పొరలు విడిపోయినా పైన మెరుస్తూనే ఉంటుంది. డ్రాగ్ రేసులకు పెట్టుకోండి, కాదనను.

అసలు నా కోపం ఈ ఒక్క షాఫ్ట్ మీద కాదు. రిపేరు అనే మాటే లేకుండా చేస్తున్నారు! నా పాత బండికి యాక్సిల్ కీలు మీది రబ్బరు తొడుగు (బూటు) చిరిగితే, సర్వీస్ సెంటర్‌లో "అసెంబ్లీ మొత్తం మార్చాలి సార్" అన్నారు. బూటు, గ్రీజు, రెండు క్లిప్పుల పని అది. బయట కుర్రాడు గంటలో చేసిచ్చాడు. ఇప్పుడు ఈ కార్బన్ షాఫ్ట్‌దీ అదే కథ. ఉక్కు గొట్టం విరిగితే ఏ ఊళ్లోనైనా లేత్ షాపుంటుంది, కోసి, వెల్డ్ చేసి, బ్యాలెన్సింగ్ చేయించుకుని ఇంటికొస్తాం. జిగురు ఊడిన షాఫ్ట్ ఎవరు ముట్టుకుంటారు? కొత్తది కొను, అంతే. తమ్ముడికి ఉక్కు షాఫ్ట్ ఈరోజే ఆర్డర్ పెట్టించా.

ఇప్పటికే ఇది పెట్టించుకున్నవాళ్లు ఒక పని చెయ్యండి. రెండు చివర్లా, గొట్టం మీద నుంచి యోక్ మీదకు తెల్ల పెయింటుతో సూటిగా గీత గీయండి. రాళ్ల దారి నుంచి బయటికి రాగానే టార్చ్ వేసి చూడండి. గీత ఏమాత్రం పక్కకు జరిగినా, దాని మీద ఇంటిదాకా నడపకండి, టో చేయించుకోండి.