బొమ్మ గీసే ముందు బట్టను చదవాలి

2025 జూన్‌లో మిలాన్ ప్రదర్శనలో ప్రాడా సంస్థ చూపిన తోలు చెప్పులు కొల్హాపురీ చెప్పులేనని మన దేశంలో గగ్గోలు పుట్టడం, ఆ తర్వాత ఆ సంస్థ వాటి మూలాన్ని ఒప్పుకోవడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ వాదోపవాదాలన్నీ వేదిక మీదికి వచ్చిన వస్తువు చుట్టూనే తిరిగాయి. అయితే ఏ వస్తువైనా వేదిక ఎక్కడానికి చాలా ముందే కాగితం మీద బొమ్మగా ఉంటుంది. చేసినవాళ్ల పేరూ కట్టేవాళ్ల పద్ధతీ జారిపోయేది ఆ కాగితం మీదే. అందుకే ఫ్యాషన్ బొమ్మ ఎలా గీయాలన్నది డ్రాయింగ్ క్లాసుకు వదిలేయదగిన చిన్న విషయం కాదని నా గట్టి నమ్మకం.

రెండు దూర దేశాల సంప్రదాయ దుస్తులను తీసుకుని, వాటి స్ఫూర్తితో ఒక కొత్త దుస్తును బొమ్మగా వేయడం డిజైన్ విద్యార్థులకు ఇష్టమైన అభ్యాసం. నైజీరియా, మలేసియా దుస్తులను కలిపి వేసిన అలాంటి బొమ్మలు కొన్నింటిని ఈ మధ్య చూశాను. వాటిలో రంగుల పొందిక ఉంది, చెయ్యి తిరిగిన పనితనం ఉంది, బట్ట మాత్రం లేదు. అన్నింట్లోనూ సన్నగా పొడుగ్గా ఉన్న ఒకే స్త్రీ నిలబడి ఉంది. తల మీద ఎర్రటి గుడ్డ చుడితే ఆమె నైజీరియా స్త్రీ అయింది, నడుముకు బంగారు పూల లుంగీ చుడితే మలేసియా స్త్రీ అయింది. రెండు వందల యాభైకి పైగా జాతులున్న దేశాన్ని ఒక తలగుడ్డలోకి, మలయ్, చైనా, భారత సంతతులతో పాటు సారవాక్, సబా ఆదివాసులూ ఉన్న దేశాన్ని ఒక లుంగీలోకి కుదించడాన్ని స్ఫూర్తి అనడానికి నాకు మనసొప్పదు.

లోపం ఆ విద్యార్థులది కాదు, వాళ్లకు నేర్పిన వరుసది. మామూలు మనిషి ఎత్తు తల కొలతకు సుమారు ఏడున్నర రెట్లు ఉంటుంది. ఫ్యాషన్ బొమ్మకు దాన్ని తొమ్మిది రెట్లు చేయమంటారు, పెరిగినదంతా దాదాపు కాళ్లకే పోతుంది. క్రోకీ అని పిలిచే ఈ మూసను ముందు వేసుకుని, ఆ తర్వాత దానికి బట్ట తొడుగుతారు. ఒంటికి కత్తిరించి కుట్టే గౌనుకూ కోటుకూ ఈ వరుస చక్కగా సరిపోతుంది, ఎందుకంటే ఆ దుస్తులు ఒంటి గీతను చూపించడానికే పుట్టాయి. నైజీరియాలోని పెద్ద జాతుల్లో ఒకటైన యొరుబా స్త్రీ కట్టుకు ఇదే వరుస వాడితే మొదటి గీతలోనే తప్పు జరుగుతుంది.

యొరుబా కట్టులో నడుముకు చుట్టే ఇరో, పైన తొడిగే బుబా, భుజం మీద వేసే ఇపెలె, తలకు చుట్టే గెలె ఉంటాయి. చూపును ముందుగా లాగేది గెలె. వాళ్ల భాషలో తలను ఓరి అంటారు. పైకి కనిపించే తలే కాక, పుట్టకముందే మనిషి ఎంచుకుని వచ్చిన భాగ్యం కూడా ఓరియే. తలరాత అనే మాట నోట్లో నానే తెలుగువాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. యొరుబా కొయ్య శిల్పాల్లో తల మొత్తం ఎత్తులో మూడో వంతో నాలుగో వంతో ఉంటుంది. శిల్పికి కొలత తెలియక అలా చెక్కలేదు, ముఖ్యమైనదానికి చోటిచ్చాడు. తలకు తొమ్మిదో వంతు చోటు మాత్రమే వదిలిన మూస మీద గెలెను పెడితే అది ఎంత అందంగా గీసినా టోపీగానే మిగులుతుంది. కాబట్టి బొమ్మ ఎత్తును ఆరు తలలకు తగ్గించి, కాగితం పైభాగంలో ముందు గెలెను గీసి, దాని కింద ముఖాన్నీ ఆ తర్వాత భుజాలనూ వేసుకురావాలని నేనంటాను. మూసను పక్కన పెట్టనిదే ఈ బట్ట కాగితం మీదికి రాదు.

గెలె చుట్టడాన్ని ఒక్కసారి శ్రద్ధగా చూసినా చాలు, ఎలా గీయాలో దానంతట అదే తెలుస్తుంది. బిరుసైన గుడ్డను నుదుటి మీద ఒకదాని పక్కన ఒకటిగా మడతలు పేర్చి, కొసలను వెనక్కి లాగి ముడివేసి, మిగిలిన గుడ్డను విసనకర్రలా విప్పుతారు. ప్రతి గీతా నుదుటి దగ్గర బిగుతుగా మొదలై పైకి పోయేకొద్దీ విచ్చుకోవాలి. బిరుసు గుడ్డ కోణంగా మడత పడుతుందే తప్ప మెత్తగా ఒంపు తిరగదు.

ఆ బిరుసు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే మగ్గం దాకా వెళ్లాలి. యొరుబా వారి ఘనమైన నేత అషో ఓకె. ఇసెయిన్ పట్టణం దీనికి పేరుపొందింది. మగ్గం మీద నేసేది నాలుగైదు అంగుళాల వెడల్పున్న పట్టీ మాత్రమే. పొడవాటి పడుగు కొసను బరువుకు కట్టి దూరంగా నేల మీద ఉంచుతారు, నేత సాగేకొద్దీ ఆ బరువు నేతగాడి వైపు జరుగుతూ వస్తుంది. ఆ పట్టీలను తుంచి, అంచుకు అంచు కలిపి కుడితే వెడల్పాటి బట్ట తయారవుతుంది. అడవి పట్టుతో లేత గోధుమ రంగులో వచ్చే సాన్యాన్, ముదురు ఎరుపు అలారి, గినీ కోడి ఈకలను తలపించే ముదురు నీలం ఎతు ఇందులో పేరెన్నిక గన్నవి. బొమ్మ గీసేవారికి ఆ అతుకుల కన్నా మంచి ఆధారం దొరకదు. నాలుగు అంగుళాలకొకటిగా నిలువునా దిగే అతుకు గీత తుంటి దగ్గర వంగుతుంది, మోకాలి దగ్గర తెరుచుకుంటుంది, చెంగు పైకి చెక్కిన చోట ఏటవాలుగా తిరుగుతుంది. ఒంటిని విడిగా గీయనక్కర్లేకుండానే ఆ గీతల్లో ఒళ్లు కనిపిస్తుంది. నేను చూసిన బొమ్మల్లో ఒక్కదానిలోనూ ఒక్క అతుకూ లేదు.

మగవాళ్ల అగ్బాదా విషయంలో కంప్యూటర్ మీద గీసేవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు. ఒక సగం గీసి, దాన్ని అద్దంలోలాగా రెండో వైపుకు తిప్పే సదుపాయం వాడతారు. ఉత్తర నైజీరియాలోని హౌసా జాతివారు బబ్బన్ రిగా అనే ఈ తరహా పెద్ద అంగీలో ఎద మీద ఎడమ వైపు విశాలమైన జేబు, దాని మీద దట్టమైన కుట్టుపని ఉంటాయి. కత్తి మొనల్లాంటి కోణాలతో సాగే ఆ కుట్టులో ఒక రకానికి ఎనిమిది కత్తులు అనే అర్థంలో అస్కా తక్వాస్ అని పేరు. అది రెండు వైపులా సమానంగా ఉండే అల్లిక కాదు. అద్దంలో తిప్పిన మరుక్షణం ఆ కత్తులు పదహారవుతాయి, అంగీ ఎవరిదీ కాకుండా పోతుంది.

మలేసియా వైపు వస్తే కష్టం మరో రకంగా ఉంటుంది. బాజు కురుంగ్ అనే పేరులోని కురుంగ్ అన్న మాటకు మూసి ఉంచడం, ఆవరించడం అని అర్థం. ముందూ వెనకా తిన్నటి పలకలు, పక్కల్లో కలీలు, చంకల కింద నలుచదరపు ముక్కలు కలిపి కుట్టిన ఆ పొడుగు చొక్కా ఒంటిని తాకీ తాకనట్టు నిలుస్తుంది. కాలరు లేని తెలుక్ బెలంగా రకంలో మెడ చుట్టూ వేసే కుట్టును పాము చేప ముల్లు అనే అర్థంలో తులాంగ్ బెలుత్ అంటారు. కింద కట్టే గుడ్డకు పక్కన పెట్టే కుచ్చిళ్లకు ఎగసే అలల పేరు పెట్టారు. చీర కుచ్చిళ్లు ఎరిగిన చేతికి ఈ భాగం సులువుగానే పట్టుబడుతుంది. పట్టుబడనిది ఒంటికీ గుడ్డకూ మధ్య ఉండే ఖాళీ. ఒంటిని ముందు గీసి, దాని గీత వెంట చొక్కాను దించితే ఆ ఖాళీ చచ్చిపోతుంది. బాజు కురుంగ్ బిగుతు గౌనుగా మారుతుంది.

సొంకెట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తెరెంగాను, కెలంతాన్ రాష్ట్రాలలో పట్టు మీదా నూలు మీదా బంగారు పోగును అదనపు పేకగా వేసి నేసే ఈ బట్ట 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఉప్పాడ జాందానీ నేతను దగ్గరగా చూసినవారికి అదనపు పేక అనగానే సంగతి అర్థమవుతుంది. సొంకెట్ గుడ్డకు కెపాలా అనే తల, బదాన్ అనే ఒళ్లు ఉంటాయి. తల భాగంలో వెదురు మొలకల ఆకారంలో ముక్కోణాలు బారులు తీరి ఉంటాయి. అది కట్టులో ఏ వైపుకు రావాలన్నది కట్టేవారికి ఒక లెక్క, గీసేవారు తమ ఇష్టం వచ్చిన చోట పెట్టదగింది కాదు. ఇక బంగారం అనగానే పసుపు రంగు పులిమేయడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. ఆ పోగు బట్ట మీద కాస్త ఉబ్బుగా తేలుతుంది, కాబట్టి మడత శిఖరం మీద మాత్రమే వెలుగు పడి, లోయలో గోధుమ రంగుకు దిగిపోతుంది. ముందు ముదురు రంగు నేలను వేసి, వెలుగు తగిలే చోట మాత్రమే సన్నని కుంచెతో చుక్కలు పెట్టాలి. పది చుక్కలు తగ్గినా ఫరవాలేదు, ఒక్క చుక్క లోయలో పడినా బట్ట అట్టముక్కలా కనిపిస్తుంది.

దీనికి ఎదురు వాదన ఉంది. ఫ్యాషన్ బొమ్మ మ్యూజియం పట్టిక కాదనీ, ఊహకు పట్టం కట్టడమే దాని పని అనీ, ఇన్ని నియమాలు పెడితే చెయ్యి కదలదనీ కొందరు కళాకారులు అంటారు. ఊహ అవసరమే. అయితే గత శతాబ్దంలో నాలుగే నాలుగు కుంచె గీతలతో ప్యారిస్ దుస్తులను కాగితం మీద నిలబెట్టిన రెనే గ్రూవో ఏ గీతను వదిలేశాడో, ఎందుకు వదిలేశాడో గమనిస్తే, ఆ దుస్తుల కుట్టు ఆయనకు ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది. తెలిసినవాడు వదిలేస్తే అది పొదుపు, తెలియనివాడు వదిలేస్తే అది లోటు.

ఈ రెండు దేశాల దుస్తులను ఒక కాగితం మీదికి తేవడం కొత్త ఊహ కూడా కాదు, చరిత్ర ఆ పని ముందే చేసింది. నైజీరియా బట్టగా లోకం గుర్తించే అంకారా అచ్చు గుడ్డ, జావా బాతిక్‌ను పందొమ్మిదో శతాబ్దంలో డచ్చి మిల్లులు యంత్రాల మీద అనుకరించగా పుట్టి, పశ్చిమాఫ్రికా తీరంలో ఆదరణ పొందింది. మలయ్ మగవాళ్లు కట్టే గళ్ల లుంగీ పేరు కైన్ పెలికాట్. పెలికాట్ అంటే డచ్చివారు 1613లో కోట కట్టుకున్న పులికాట్, మన సూళ్లూరుపేట వైపు నుంచి తమిళనాడులోకి సాగే సరస్సు ఒడ్డున, తమిళనాడు వైపు ఉన్న ఊరు. నైజీరియాలో ఇగ్బో స్త్రీలు శుభకార్యాలకు కట్టే ఖరీదైన గుడ్డకు జార్జ్ అన్న పేరు మద్రాసులోని సెయింట్ జార్జి కోట నుంచి వచ్చింది. నైజర్ డెల్టాలోని కలబారి జాతివారు ప్రాణంగా చూసుకునే ఇంజిరి అనే గళ్ల గుడ్డ, వ్యాపార భాషలో రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్, చీరాల పరిసరాల మగ్గాల మీద నేసిందే.

ఆ గుడ్డను కలబారివారు వచ్చినది వచ్చినట్టుగా కట్టుకుని ఊరుకోలేదు. స్త్రీలు సూదితో ఒక్కొక్క పోగును పైకెత్తి, బ్లేడుతో తెంచి, లాగేసి, గళ్ల మధ్య కొత్త అల్లికలు పుట్టించారు. దాన్ని పెలెతె బితె, అంటే కోసిన గుడ్డ అంటారు. ఇంటి పెట్టెల్లో తరాల తరబడి దాచి, చావు కర్మల్లో గదులను ఆ గుడ్డలతో అలంకరిస్తారు. దీన్ని అధ్యయనం చేసిన టోన్యే ఎరెకోసిమా, జోయాన్ ఐకర్ పరాయి బట్ట ఒక జాతి సొంతమయ్యే తీరులో నాలుగు మెట్లు గుర్తించారు: ఎంచుకోవడం, పేరు పెట్టుకోవడం, జీవితంలో చోటివ్వడం, మార్చుకోవడం. నా వాదనంతా ఈ నాలుగు మెట్ల మీద నిలబడి ఉంది. స్ఫూర్తి పేరిట బొమ్మలు గీసేవారు మొదటి మెట్టు మీద నుంచి నాలుగో మెట్టు మీదికి దూకుతున్నారు. మధ్యలో ఉన్న పేరునూ జీవితాన్నీ దాటేస్తున్నారు. 2024లో కెబాయా అనే రవికెను యునెస్కో జాబితాలో చేర్చినప్పుడు బ్రూనై, ఇండోనేసియా, మలేసియా, సింగపూర్, థాయ్‌లాండ్ కలిసి దరఖాస్తు చేసుకున్నాయి. తమ రవికె ఎవరిదో చెప్పడానికి ఐదు దేశాలు ఒక కాగితం మీద సంతకం పెట్టగలిగినప్పుడు, బొమ్మ అడుగున రెండు ఊళ్ల పేర్లు రాయడం విద్యార్థికి భారం కాకూడదు.

ఇది నాకు ఇంత పట్టింపు కావడానికి కారణం మన నేతగాళ్లే. చీరాల గుడ్డ మద్రాసు పేరుతో సముద్రం దాటింది. కలబారివారు దానికి తమ భాషలో పేరు పెట్టుకుని నెత్తిన పెట్టుకున్నారు, నేసిన ఊరి పేరు మాత్రం రేవులోనే ఆగిపోయింది. నూనె, బూడిద కలిపి నూలును రోజుల తరబడి నానబెట్టి అద్దకం వేసే తేలియా రుమాలు కూడా చీరాల వైపే పుట్టి, అరబ్బు దేశాలలో తలగుడ్డగా మెరిసింది. నల్లగొండ వైపు ఆ విద్యను నిలబెట్టిన పుట్టపాకకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చేదాకా ఆ ఊరి పేరు ఎంతమంది డిజైనర్ల నోట వినిపించింది? మన బట్టకు జరిగిన ఈ అన్యాయాన్ని మనమే ఇసెయిన్‌కూ తెరెంగానుకూ చేయకూడదు. మన డిజైన్ కళాశాలల్లో ప్రతి బొమ్మ పక్కనా బట్ట పేరు, నేసే ఊరు, కట్టే తీరు రాయించాలి, అవి లేని బొమ్మకు మార్కులు ఇవ్వకూడదు.

ఆ అభ్యాసాన్ని ఇంజిరితోనే మొదలుపెట్టవచ్చు. ముందుగా పెన్సిలుతో పడుగు గీతలు, పేక గీతలు ఓపికగా గీసి, చీరాల మగ్గం నేసినట్టే కాగితమంతా గళ్లు నింపాలి. అప్పుడు రబ్బరును పదునైన మూల వచ్చేలా కోసుకుని, కలబారివారి పట్టణమైన బుగుమాలో ఒక స్త్రీ బ్లేడుతో పోగు తెంచినట్టే, ఒక్కొక్క గీతనూ ఎంచి చెరపాలి. అలా చెరిపిన గీతల మధ్య అల్లిక తేలిన తర్వాత, ఆ గుడ్డను నడుముకు చుట్టిన మనిషిని గీయడం మొదలుపెట్టాలి.