మైనపు పలక గారికి

గ్రీకుదేశపు మైనపు పలక గారికి నమస్కారాలు.

రెండు చెక్కముక్కలు, వాటిలో పల్లం చేసి పోసిన మైనం, అంచున తాడు. మీ ఆస్తి ఇంతే. రాసే పుల్లకి ఒక కొన సూది, రెండో కొన అట్లకాడలా వెడల్పు. సూదితో గీకడం, అట్లకాడతో చదును చేయడం. ఇంత చిన్న శాల్తీ మీద ఫిర్యాదేమిటి అనుకోకండి. మీ చరిత్ర చూశాకే రాస్తున్నాను.

హోమర్ రాసిన గ్రీకు ఇతిహాసం ఇలియడ్‌లో రాత ఊసు అరుదు. ఆరో సర్గలో వచ్చేసరికి అక్కడ మీ వంశమే! ప్రోయిటోస్ అనే రాజు తన భార్య చాడీలు నమ్మి బెల్లెరోఫోన్ అనే కుర్రాడి మీద పగబట్టాడు. తన చేత్తో చంపడానికి మనసొప్పక, మడత పలకలో చావు గుర్తులు గీకి, లికియా దేశంలో ఉన్న తన మామగారికి ఇచ్చి రమ్మన్నాడు. పాపం కుర్రాడు తన తలరాతను తానే చంకన పెట్టుకుని బయల్దేరాడు. మామగారు తొమ్మిది రోజులు విందులు చేసి, పదోరోజు పొద్దున్నే "ఏదీ, ఆ పలక?" అన్నాడు. మీరు కిమ్మనకుండా తెరుచుకున్నారు.

తర్వాత గూఢచారి ఉద్యోగం. పారశీక రాజు జెర్క్సెస్ దండెత్తబోతున్నాడని గ్రీకు రాజ్యం స్పార్టాకి చెప్పాలి. అక్కడ గద్దె దింపేస్తే పారశీకుల దగ్గర చేరిన మాజీ రాజు డెమరాటస్ మీ మైనం గీకేసి, చెక్క మీద కబురు రాసి, పైన మళ్ళీ మైనం పోశాడు. దారిలో కాపలావాళ్ళకి మీరు ఉత్త పలక. స్పార్టా పెద్దలు తల గోక్కుంటుంటే, రాజు లియోనిదాస్ భార్య గోర్గో "ఆ మైనం గీకండి" అందని చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు.

అంత గుట్టు దాచారు కదా, ఒక పిల్లాడి బుర్రలో నాలుగక్షరాలు దాచలేకపోయారేం? క్రీ.పూ. 3వ శతాబ్దంలో హెరోడాస్ రాసిన నాటికలో కొట్టలోస్ అని ఒక అల్లరివాడు. నెలనెలా తల్లి కష్టపడి మీకు మైనం పూస్తుంది. మీరేమో గోడపక్కన మంచంకోడు దగ్గర దిక్కులేకుండా పడి ఉంటారు. వాడెప్పుడైనా మిమ్మల్ని యముణ్ణి చూసినట్టు చూసి, ఉన్నది కాస్తా గీకేస్తాడు. బడి గుమ్మం తెలీదు గానీ జూదమాడే చోటు ఎవరడిగినా చూపించగలడు. చివరికి ఆ తల్లి వాణ్ణి గురువు దగ్గరికి ఈడ్చుకొచ్చింది, చదువు చెప్పమని కాదు, తోలు వలిచేలా కొట్టమని. ఎద్దుతోక కొరడా వాడి వీపు మీద ఆడింది. మీ మీద ఈగ వాలలేదు.

దీనికి తోడు ప్లేటో రాసిన సంభాషణలో సోక్రటీస్, మనసులో ఒక మైనపుముద్ద ఉందనుకుందాం అన్నాడు. మైనం మరీ మెత్తనైతే తొందరగా నేర్చుకుని తొందరగా మరిచిపోతారట. ఆయన మాటవరసకి అన్నాడు. మాస్టార్లకి అదే చాలు! పాఠం ఎక్కకపోతే తప్పు మైనానిది, గీకినవాడిది కాదు.

లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో మీ చుట్టం ఒకరున్నారు. ఈజిప్టు మనిషి, క్రీ.శ. 2వ శతాబ్దం. పైన గురువుగారి రాత: తెలివైనవాడి సలహా విను, స్నేహితులందరినీ నమ్మేయకు. కింద శిష్యుడు అదే దించుతూ మొట్టమొదటి అక్షరమే మింగేశాడు. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ళుగా ఆ తప్పు అలాగే ఉంది. అట్లకాడ కొన పక్కనే ఉంటుంది కదండీ, ఆ ఒక్క వరస చెరిపించి మళ్ళీ రాయించుకోలేకపోయారా?

ఇట్లు,
ఎంగిలితో పలక తుడిచి దెబ్బలు తిన్న ఒక మాజీ విద్యార్థి