ఆ పాఠాలకు జవాబుదారు ఎవరు?

ప్రభుత్వ బడులను కంపెనీల చేతిలో పెడితే జవాబుదారీతనం దానంతటదే వస్తుందని నేను చదివిన ఒక వ్యాసంలో వ్యాసకర్త అంటున్నారు. ఆ ముచ్చట మన ఆంధ్రప్రదేశ్ ఇదివరకే చూసింది. 2022 జూన్‌లో ప్రభుత్వం ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది డిసెంబరులో ఆ పాఠాలు నింపిన ట్యాబులను ఎనిమిదో తరగతి పిల్లలకు పంచింది. 2024 జులై వచ్చేసరికి ఆ కంపెనీ దివాలా ప్రక్రియలో చిక్కుకుంది. ఇక అడగవలసింది ఎవరినండీ?

మాది కర్నూలు జిల్లా ఆదోని. కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు వలస వెళ్తాయి. ఇంట్లో అవ్వో తాతో ఉంటే సరే, లేకుంటే పిల్లలూ వెంట వెళ్లాల్సిందే. వాళ్ల కోసమే సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. వలస మొదలు కాకముందే వాటిని తెరిచి, వేళకు భోజనం పెట్టి, రాత్రి కాపలాకు నమ్మకమైన మనిషిని ఉంచితే ఆడపిల్ల కూడా బడి మానదు. దీనికి ఏ యాప్ అక్కరలేదు. ఇందులో లాభమూ లేదు, అందుకే ఏ కంపెనీ పోటీ పడి ముందుకు రాదు.

కంపెనీల సొమ్ము అసలే వద్దనను. ప్రహరీ కట్టించండి, మరుగుదొడ్లకు నీళ్లు ఇప్పించండి, దండం పెడతాం. పెత్తనం మాత్రం వద్దు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. కంపెనీ బోర్డులో కోసిగి కూలీకి కుర్చీ వేస్తారా? వ్యాసకర్త ఈసారి ఆ కమిటీల గురించి రాస్తే చదవాలని ఉంది.