సెల్లు మారిస్తే చెల్లవు

(పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇవతల ఒడిశా. ఆ ఇంటి ముందుగదిలో ఒకప్పుడు తెలుగులోనూ ఒడియాలోనూ శుభలేఖలు కంపోజ్ అయ్యేవి. ఇప్పుడు మిగిలింది ఒక పాత కంప్యూటరు, దానికి చీరముక్కతో కుట్టిన ముసుగు, దాని ముందు పొద్దున్నించి లేవని భాస్కరరావు గారు. వంటింట్లో లక్ష్మి గారు.)

లక్ష్మి: ఏటండీ ఆ కూతలు? మూడో కూతకి కట్టేద్దామని వెళ్తే పొయ్యి మీద కుక్కరే లేదు!

భాస్కరరావు: కూత కాదు, బీప్. కంప్యూటరు బూట్ అవట్లేదు. ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంది.

లక్ష్మి: రిటైరైన మీలాగే. చప్పుడు తప్ప పని లేదు.

భాస్కరరావు: నీ తమ్ముడి కూతురి శుభలేఖ కోసమే ఈ తిప్పలు. గుర్తు పెట్టుకుని మాట్లాడు.

లక్ష్మి: మా వాడు వాట్సాప్‌లో పంపేస్తానన్నాడుగా.

భాస్కరరావు: పెళ్ళికొడుకు వాళ్ళు బరంపురం ఒడియా వాళ్ళు. ఒకవైపు ఒడియా, ఒకవైపు తెలుగు ఉండాలి. ఆ డిజైన్లన్నీ దీంట్లో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. తెలుగు వైపు అను ఫాంట్లు, ఒడియా వైపు ఆకృతి ఫాంట్లు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే 'శ్రీరస్తు' కాస్తా బూతుల్లా కనిపిస్తుంది. తప్పదు, మూత తీస్తాను.

లక్ష్మి: (గరిటెతో సహా పరిగెత్తుకొచ్చి) మూత తీయకండి!

భాస్కరరావు: ఎందుకే?

లక్ష్మి: షాకు కొడుతుంది.

భాస్కరరావు: ప్లగ్గు పీకేశాను. పీకాక పవర్ బటన్ నొక్కిపట్టి లోపల మిగిలింది కూడా వదిలించాను.

లక్ష్మి: బల్లులుంటాయి.

భాస్కరరావు: ఉంటే ఇన్నేళ్ళ అద్దె అడుగుదాం.

లక్ష్మి: ఈరోజు మంగళవారం.

భాస్కరరావు: కంప్యూటరుకి మంగళవారమేంటే!

లక్ష్మి: పోనీ ఆ సెంటర్లో కుర్రాణ్ణి పిలవండి.

భాస్కరరావు: వాడొచ్చినా మూతే తీస్తాడు.

లక్ష్మి: అయితే వాణ్ణీ పిలవకండి.

(ఇరవయ్యేళ్ళుగా ఆ కంప్యూటరు పేరెత్తని ఆవిడకి హఠాత్తుగా దాని మీద ఇంత శ్రద్ధ పుట్టడం ఆయనకి వింతగా అనిపించాల్సింది. అనిపించలేదు. మగవాళ్ళకి స్క్రూడ్రైవర్ చేతికొస్తే మిగతావేవీ కనబడవు. రెండు స్క్రూలు తీసి, పక్క రేకు వెనక్కి లాగారు. దుమ్ము దూదిలా ఉండలు కట్టి బయటికి దొర్లింది.)

భాస్కరరావు: చూడు. దీపావళికి ఇల్లంతా దులిపావు, ఇది ఇల్లు కాదా?

లక్ష్మి: మూత తీయొద్దంటున్న దాన్ని దులపమంటారేంటి? (మెడ చాచి లోపలికి చూస్తూ) ఇంకేమైనా కనబడుతోందా?

భాస్కరరావు: ర్యామ్ కనబడుతోంది, అంటే దీని జ్ఞాపకశక్తి ఉండే పలక. అది సరిగ్గా అందకపోతేనే ఇలా పొడుగ్గా బీప్ కొడుతుంది. చిన్నాడి పెన్సిలు డబ్బాలో రబ్బరు ఉంటుంది, పట్రా.

(రెండు పక్కలా ఉన్న క్లిప్పులు వెనక్కి వంచితే పలక పైకి లేచింది. కింది అంచున వరసగా ఇత్తడి రంగు గీతలు, నల్లబడి ఉన్నాయి. అద్దాల పైనుంచి చూస్తూ ఒక్కో గీత మీదా రబ్బరు మెల్లగా లాగారు. నలుపు పొట్టులా రాలి, రంగు తేలింది. పొట్టు ఊది, గాడి చూసుకుని పలకని మళ్ళీ దించి నొక్కారు. క్లిప్పులు రెండూ టక్కుమన్నాయి.)

లక్ష్మి: ఇంతేనా? దీనికా పొద్దున్నించి ఉప్మా కూడా తినకుండా కూర్చున్నారు!

భాస్కరరావు: ఉప్మా తినకపోవడానికి కారణం ఇది కాదు. (బటన్ నొక్కుతారు) ఒక్క చిన్న బీప్! వచ్చింది! ఏదో రాశాడు... సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్. ఎఫ్1 నొక్కమంటున్నాడు.

లక్ష్మి: బాగైందన్నారు, మళ్ళీ ఎర్రరేంటి?

భాస్కరరావు: లోపల రూపాయి బిళ్ళంత సెల్లు ఉంటుంది. అది అయిపోయింది. కరెంటు తీసేస్తే తేదీ మరిచిపోతుంది. చూడు, 2002 జనవరి 1 అంటోంది.

లక్ష్మి: 2002నా? మీ అన్నగారికి అప్పు ఇచ్చింది ఎప్పుడు?

భాస్కరరావు: 2004లో.

లక్ష్మి: అయితే ఇంకా ఇవ్వలేదు. ఈసారి ఇవ్వకండి.

(ఎఫ్1 నొక్కగానే విండోస్ ఎక్స్‌పీ పచ్చని గుట్ట తెరంతా పరుచుకుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి నీళ్ళొదిలారు. ఈయన వదల్లేదు. పేజ్‌మేకర్ తీరిగ్గా తెరుచుకుంది.)

భాస్కరరావు: ఆహా! 'తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగ విచ్చేసి నూతన వధూవరులను ఆశీర్వదింప గోరుచున్నారము.'

లక్ష్మి: గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని గోరుచున్నారము ఏంటండీ? 'అందరూ రండి' అని రాయండి.

భాస్కరరావు: పర్లాకిమిడిని ఒడిశాలో కలిపేశారని ఆయన 1936లో రాజమండ్రి వెళ్ళిపోయారు. నిన్ను కట్టుకుని నేనెక్కడికి పోను? సరే, ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసుకుని, ఆపి, మూత పెట్టేస్తాను.

లక్ష్మి: పెట్టేయండి, పెట్టేయండి. తొందరగా.

భాస్కరరావు: (డబ్బాని పక్కకి వంచి) ఆగు. లోపల ఏదో జారింది.

లక్ష్మి: పాలు పొంగుతున్నట్టున్నాయి, చూసొస్తాను.

భాస్కరరావు: పాలు ఇందాకే దించావు. ఏంటీ కాగితాలు... లక్ష్మీ! ఐదువందల నోట్లు! పాతవి!

లక్ష్మి: (తాపీగా కుర్చీ లాక్కుని) ఎన్నున్నాయి?

భాస్కరరావు: ఎనిమిది. నువ్వు పెట్టావా?

లక్ష్మి: మీరు ఆ ఫ్లాపీ డ్రైవు పీకేశాక ముందువైపు చీలిక మిగిలిందిగా. పోపుల డబ్బాలో పెడితే మీకు దొరికిపోతున్నాయని, హుండీలో వేసినట్టు దాంట్లో వేసేదాన్ని.

భాస్కరరావు: మరి తీయలేదేం?

లక్ష్మి: హుండీలో వేసినవి తీయడం ఎవరికి వస్తుంది? అప్పటికీ రెండుసార్లు అట్లకాడ పెట్టి చూశాను.

భాస్కరరావు: అట్లకాడ! ఇందులో! ఇంకా పనిచేస్తోందంటే దీనికి దండం పెట్టాలి. 2016 నవంబరులో బ్యాంకు లైన్లో నిలబడి నీ దగ్గర ఏమైనా ఉన్నాయా అని అడిగానే! నాలుగు వేలు కౌంటర్ దగ్గరే మార్చి ఇచ్చారు మొదట్లో. సరిగ్గా నాలుగు వేలు!

లక్ష్మి: బయటపెడితే ఎక్కడివని అడిగేవారు.

భాస్కరరావు: ఇప్పుడు అడుగుతున్నాను. ఎక్కడివి?

లక్ష్మి: మీ చొక్కా జేబులోవి.

(కాసేపు ఫ్యాను చప్పుడు కూడా లేదు.)

భాస్కరరావు: ఎనిమిదే కదా? సరిగ్గా లెక్కపెట్టావా? పదికి మించి దగ్గరుంచుకుంటే జరిమానా, 2017 చట్టం.

లక్ష్మి: ఎనిమిదే. పోలీసులొస్తే చొక్కా మీదేనని చెప్తాను.

భాస్కరరావు: ఉంచుకో, విసనకర్ర చేసుకో. నేను బజారుకెళ్ళి ఆ సెల్లు తెస్తాను. సీఆర్2032 అంటే ఎవడైనా ఇస్తాడు. తేదీ సరిచేద్దాం.

లక్ష్మి: ఉండండి. దీని లెక్కలో ఇప్పుడు ఏ సంవత్సరం అన్నారు?

భాస్కరరావు: 2002.

లక్ష్మి: (నోట్లు మడిచి చీలికలోకి దూరుస్తూ) అయితే సెల్లు మార్చకండి. మారిస్తే ఇవి చెల్లవు.