రిజిస్టర్‌లో సంతకం, తరగతిలో ఖాళీ బెంచీ

లా కాలేజీల్లో ప్రవేశానికి రాసే లాసెట్ పరీక్ష కేంద్రం గేటు ముందు ఒక అరగంట నిలబడితే చాలు, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఎవరెవరు వస్తున్నారో తెలిసిపోతుంది. నిన్నగాక మొన్న బీకాం పాసైన అమ్మాయి, ఆమె వెనక మండల ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు, ఆయన వెనక కళ్లజోడు తుడుచుకుంటూ ఒక రిటైరైన బ్యాంకు ఉద్యోగి. లోపల 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు. ఏ డిగ్రీ అయినా పరవాలేదు. జనరల్ వారికి 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం మార్కులుంటే సరి. వయసుకు పైహద్దు లేదు. తండ్రీ కూతురూ ఒకే హాల్లో పరీక్ష రాయగల కోర్సులు మన దగ్గర ఎన్ని ఉన్నాయి?

‘ఊరికే కూర్చోవడమెందుకు, లా చేద్దాం’ అనుకునేవారి మీద మనకు జోకులు ఎక్కువ. మేం ఆ జోకుల్లో చేరం. పొలం గట్టు తగాదాలో ఇరవై ఏళ్లుగా కోర్టు చుట్టూ తిరిగిన ఇంట్లోంచి ఒకరు లా చదవాలనుకుంటే అంతకంటే మంచి కారణం ఏముంటుంది? రెవెన్యూ ఆఫీసులో పదేళ్లు పనిచేసినవాడికి భూమి రికార్డులైన అడంగల్‌కూ 1బీకీ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. ఆస్పత్రిలో పనిచేసిన నర్సుకు గాయాల సర్టిఫికెట్ చూడగానే అర్థమవుతుంది. ఇంటర్ అవ్వగానే అయిదేళ్ల కోర్సులో చేరే పిల్లలకు ఈ లోకజ్ఞానం రావడానికి చాలా కాలం పడుతుంది. బెంగళూరులో 1988లో జాతీయ లా స్కూల్ తొలి బ్యాచ్ మొదలైంది, హైదరాబాద్‌కు 1998లో నల్సార్, విశాఖకు 2008లో దామోదరం సంజీవయ్య పేరిట మరొకటి వచ్చాయి. మంచి విద్యాసంస్థలే. కానీ అక్కడి పట్టభద్రుల చూపు ఎక్కువగా కార్పొరేట్ ఆఫీసుల వైపు. తాలూకా కోర్టు వరండాలో కనిపించే నల్లకోట్లలో ఎక్కువమంది ఈ మూడేళ్ల దారిన వచ్చినవారే.

అందుకే ఈ కోర్సులో ఏళ్ల తరబడి నడుస్తున్న ఒక అబద్ధం గురించి మాట్లాడక తప్పదు.

లా చదువునూ న్యాయవాద వృత్తినీ నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం లా కోర్సు అంటే పూర్తికాలపు చదువు. రోజుకు అయిదు గంటలు, వారానికి 30 గంటలు, అదీ ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే. సబ్జెక్టుకు 70 శాతం హాజరు ఉండాలి. పదింటి నుంచి అయిదింటి వరకు ఆఫీసులో ఉండే మనిషి ఇదంతా ఎలా పూర్తిచేస్తాడు? చేయడు. రిజిస్టర్ చేస్తుంది. సెమిస్టర్ చివర్లో ఒక్క మధ్యాహ్నం, ఒకే పెన్ను, ఒకే వాలు అక్షరాలు, అరవై రోజుల హాజరు. చేరేటప్పుడే ‘అటెండెన్స్ టెన్షన్ లేదు సార్’ అని భరోసా ఇచ్చే కాలేజీల గురించి ఎవరిని అడిగినా చెబుతారు. న్యాయం చదవడానికి వచ్చినవాడు మొదటి నెలలోనే తప్పుడు రికార్డుకు అలవాటు పడుతున్నాడు. పాఠ్యప్రణాళికలో మాత్రం వృత్తి నైతికత తప్పనిసరి పేపరు.

బార్ కౌన్సిల్‌కు ఇది తెలియక కాదు. 2024 సెప్టెంబరులో బయోమెట్రిక్ హాజరు పెట్టమని, విద్యార్థి ఉద్యోగం చేస్తున్నాడేమో డిక్లరేషన్ తీసుకోమని కాలేజీలకు చెప్పింది. 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు హాజరు తక్కువైందని లా విద్యార్థిని పరీక్షకు ఆపకూడదంది. ఒక విద్యార్థి ఆత్మహత్యతో మొదలైన కేసు అది, ఆ తీర్పు వెనకున్న బాధ కాదనలేనిది. అయితే వేలిముద్ర యంత్రమూ, మినహాయింపూ రెండూ అసలు ప్రశ్నను తాకలేదు. ఉద్యోగం చేసుకునే పట్టభద్రుడు నిజంగా తరగతికి రాగలిగే వేళ ఏది?

ఆ వేళ లేకపోవడం వల్ల నష్టం ఎక్కడ పడుతుందో చూడాలంటే కోర్టుకే వెళ్లాలి. కోర్సు అయ్యేలోగా విద్యార్థి ఒక సివిల్, ఒక క్రిమినల్ విచారణను కళ్లారా చూసి రికార్డు రాయాలి. దానికి 30 మార్కులు. పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్ కూడా ఉంది. చాలా రికార్డుల్లో పోయినేడాది సీనియర్ రాసిన కేసే ఉంటుంది, అదే ముద్దాయి, అవే వాయిదా తేదీలు. చదువు గైడు మీద నడుస్తుంది. 2024 జులై 1 నుంచి హత్య సెక్షన్ 302 కాదు, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 103 అయింది. మోసానికి మారుపేరైన 420 పోయి 318(4) వచ్చింది. పాత గైడు కొన్నవాడికి ఆ మార్పు పరీక్ష హాల్లోనే తెలుస్తుంది. తర్వాత ఇదే మనిషి కోటు వేసుకుని దావా వేస్తాడు. కోర్టు ఫీజు తక్కువైందనో, సమన్లు పంపే ఖర్చు, అదే బత్తా, కట్టలేదనో కాగితాలు రిటర్న్ అవుతాయి. తొలి బస్సుకు బయల్దేరి వచ్చిన కక్షిదారు బయట బెంచీ మీద కూర్చుని ‘ఏమైంది సార్’ అని అడుగుతాడు. ‘వాయిదా పడింది’ అన్నదే జవాబు. దాని వెనక ఆ ఖాళీ తరగతి ఉందని ఆయనకు తెలిసే దారి లేదు.

డిగ్రీ అయ్యాక ప్రాక్టీసు కోసం రాయాల్సిన ఆలిండియా బార్ పరీక్ష ఉంది కదా అనవచ్చు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా ఆ పరీక్షను సమర్థించింది. కానీ అది బిట్ పేపరు. నోటీసు రాయడం వచ్చో రాదో అందులో బయటపడదు.

మేం కోరేది ఒక్కటే: సాయంత్రపు లా తరగతులకు బాహాటంగా అనుమతి ఇవ్వండి. ఒకప్పుడు పెద్ద నగరాల్లో సాయంత్రం లా కాలేజీలు ఉండేవి. ప్రమాణాలు పడిపోయాయని వాటిని మూశారు. పడిపోయిన మాట నిజమే కావచ్చు. కానీ మూశాక అదే విద్యార్థి పగటి కాలేజీలో దొంగ హాజరుతో చేరాడు. మూడేళ్లకు బదులు నాలుగేళ్లు పెట్టండి, ఆరింటి నుంచి తొమ్మిది దాకా తరగతి నడపండి, వచ్చినవాడికే హాజరు వేయండి. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు నాలుగేళ్లలో లా డిగ్రీ పూర్తిచేసే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. జీతం తీసుకునే ఉద్యోగి ప్రాక్టీసు చేయకూడదన్న నియమం మన దగ్గర ఎలాగూ ఉంది కాబట్టి, డిగ్రీ చేతికొచ్చిన మర్నాడే కోర్టుల మీద పడతారన్న భయం అక్కర్లేదు.

తలుపు తెరిచేటప్పుడు ఇంకో గడియ కూడా తీయాలి. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఓపెన్ యూనివర్సిటీ) 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది, ఇప్పుడు దాని పేరు అంబేడ్కర్‌ది. ఇంటర్ లేకుండా అర్హత పరీక్ష రాసి అక్కడ బీఏ చేసినవారు చాలా ఉద్యోగాలకు డిగ్రీవాళ్లే, ఎల్‌ఎల్‌బీకి మాత్రం కాదు. చిన్నప్పుడు చదువు ఆగిపోయినందుకు రెండోసారి వేసే శిక్ష ఇది.

చదువు అయ్యాక దారి ఇంకా ఇరుకు. న్యాయవాదిగా పేరు నమోదుకు, ఎన్‌రోల్‌మెంట్ పేరిట వేలకు వేలు వసూలు చేయకుండా 750 రూపాయలకు, ఎస్సీ ఎస్టీలకు 125కు సుప్రీంకోర్టు 2024 జులైలో కట్టడి చేసింది. మంచి పని. జూనియర్ లాయర్లకు నగరాల్లో నెలకు 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వాలని అదే ఏడాది బార్ కౌన్సిల్ చెప్పింది, అయితే అది సిఫార్సు మాత్రమే. సీనియర్ ఆఫీసులో పెట్రోలు ఖర్చు వస్తే అదృష్టమనుకునే జూనియర్లే ఎక్కువ. పైగా జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇరవై రెండేళ్ల కుర్రాడు ఓపిక పడతాడు. పిల్లల్ని బడికి పంపి ముప్పై దాటాక లా చేసిన గృహిణికి ఆ మూడేళ్లు ఇల్లు గడిచేదెలా? ఆంధ్రప్రదేశ్‌లో 2019లో లా నేస్తం పేరుతో జూనియర్లకు నెలకు 5 వేలు ఇవ్వడం మొదలైంది. పేరు ఏ ప్రభుత్వం ఏది పెట్టుకున్నా, అలాంటి సాయం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆగకుండా ఉండాలి.

కొత్త లా కాలేజీలకు మూడేళ్లు అనుమతి ఇవ్వబోమని బార్ కౌన్సిల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. ఈ విరామంలో కొత్త భవనం కట్టక్కర్లేదు. హైదరాబాద్, వరంగల్, విశాఖ, గుంటూరుల్లో ఉన్న విశ్వవిద్యాలయ లా కాలేజీల్లో సాయంత్రం ఖాళీగా ఉండే గదులు చాలు. ఒక్కో బ్యాచ్ నడిపి చూపిస్తామని రెండు ప్రభుత్వాలూ బార్ కౌన్సిల్‌కు లేఖ రాయాలి. తొమ్మిదింటికి క్లాసు వదిలితే ఆడవాళ్లు ఇంటికెలా వెళ్తారని ఎవరైనా అడిగితే, దానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, ఆర్టీసీ డిపో మేనేజర్‌ను ఒక బస్సు అడిగితే సరిపోతుంది.