మార్తాకు సున్నా, మల్లీశ్వరికి దండలు

ఐదు ప్రపంచ కప్ ఫుట్‌బాల్ టోర్నీల్లో గోల్ చేసిన తొలి వ్యక్తి ఎవరు? శ్రీకాకుళంలో మొన్న విద్యార్థులకు పెట్టిన క్రీడా క్విజ్‌లో అడిగిన ప్రశ్న ఇది. తొమ్మిదో తరగతి బాలిక ఒకరు ‘మార్తా, బ్రెజిల్’ అని రాసింది. అంతటితో ఆగకుండా మార్జిన్‌లో చిన్న అంకెలతో 2003, 2007, 2011, 2015, 2019 అని ఏళ్లు కూడా వేసింది. ఆ అంకెల మీదుగానే ఎర్ర సిరాతో ఇంటూ గుర్తు కొట్టి సున్నా వేశారు. నిర్వాహకుల ‘కీ’లో ఉన్న జవాబు క్రిస్టియానో రొనాల్డో. ఒక్క మార్కు తేడాతో ఆ అమ్మాయికి మొదటి బహుమతి చేజారింది. ఉపాధ్యాయులు ఆధారాలు పట్టుకుని వెళ్తే ‘ప్రపంచ కప్ అంటే మగవాళ్లదే కదండీ’ అని ఒకరు, ‘ఫలితాలు ప్రకటించాక మార్చడం కుదరదు’ అని ఇంకొకరు చెప్పి పంపేశారు.

రొనాల్డో తన ఐదో ప్రపంచ కప్‌లో గోల్ చేసింది 2022 నవంబరు 24న, ఖతార్‌లో ఘనాపై, పెనాల్టీ కిక్‌తో. మార్తా ఆ పని 2019 జూన్ 13నే ఆస్ట్రేలియాపై పూర్తి చేసింది, అదీ పెనాల్టీతోనే. మరో వారానికి కెనడా క్రీడాకారిణి క్రిస్టీన్ సింక్లెయిర్ నెదర్లాండ్స్‌పై గోల్ కొట్టి ఆమె సరసన చేరింది. లెక్క ప్రకారం రొనాల్డోది మూడో స్థానం. మూడేళ్లు ఆలస్యంగా వచ్చినవాడు తొలివాడు ఎలా అయ్యాడో ‘కీ’ తయారుచేసిన పెద్దలే చెప్పాలి.

పురుషుల టోర్నీ వేరు, మహిళల టోర్నీ వేరు, రెంటినీ కలపకూడదని వాదించేవారున్నారు. మంచిది, విడివిడిగానే ఉంచండి. అలాంటప్పుడు ఏ టోర్నీ గురించి అడుగుతున్నారో ప్రశ్నలోనే చెప్పాలి. చెప్పకుండా అడిగి, సరైన జవాబు రాసిన పిల్లకు సున్నా వేయడం ఏ పద్ధతి?

ఈ ఒక్క ప్రశ్నతో పోయేది కాదు కాబట్టే ఇంత చెప్పవలసి వస్తోంది. ప్రపంచ కప్ ఒకే మ్యాచ్‌లో ఐదు గోల్స్ అనగానే పోటీ పరీక్షల పుస్తకాలు 1994లో కామెరూన్‌పై చెలరేగిన రష్యా ఆటగాడు ఒలెగ్ సలెంకో పేరు వల్లిస్తాయి. అమెరికాకు చెందిన మిషెల్ ఏకర్స్ 1991లోనే, మహిళల తొలి ప్రపంచ కప్‌లో చైనీస్ తైపీ (తైవాన్)పై ఐదు గోల్స్ చేసింది. దేశం తరఫున సింక్లెయిర్ చేసినవి 190 గోల్స్. ఏ పురుషుడూ ఇంతవరకు ఆ దరిదాపులకు రాలేదు. బ్రెజిల్‌కే చెందిన ఫోర్మిగా 1995 నుంచి 2019 వరకు ఏడు ప్రపంచ కప్‌లు ఆడింది. మార్తా అయిదు టోర్నీల్లో కలిపి 17 గోల్స్ చేసింది. 2022 వరకు జరిగిన పురుషుల టోర్నీలన్నీ చూసినా అగ్రస్థానం జర్మనీ ఆటగాడు మిరోస్లావ్ క్లోజాది, అతనివి 16. ఇవి దాచిన రహస్యాలేమీ కావు, వెతికితే నిమిషంలో దొరుకుతాయి. వెతకాలన్న ఆలోచన రాకపోవడమే అసలు జబ్బు.

ఈ జబ్బు మన జిల్లాలో కనిపించడం మరీ సిగ్గుచేటు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఊసవానిపేట బిడ్డ. ఆ ఒలింపిక్స్‌లో భారత్‌కు దక్కిన పతకం అదొక్కటే. మహిళల విభాగంలో వచ్చింది కదా, దేశం ఖాతాలో వేయవద్దని అప్పుడెవరైనా అన్నారా? ఇదే క్విజ్ వేదిక మీద ఆమె చిత్రం పెట్టి, దండ వేసి, ఆడపిల్లలు ఆమె బాటలో నడవాలని వక్తలు గంటసేపు చెప్పారు. ఆ మాటలు విన్న పిల్లే మార్తా పేరు రాసింది. దండకు పనికొచ్చిన ఆడవాళ్ల రికార్డు మార్కుకు పనికిరాలేదు! వేదిక మీద ఒక లెక్క, జవాబు పత్రంలో ఇంకో లెక్క. దీన్ని ద్వంద్వనీతి అనక ఏమనాలి?

ఇక ‘ప్రకటించాక మార్చం’ అన్న మాట. 1930లో తొలి ప్రపంచ కప్‌లో తొలి హ్యాట్రిక్ చేసింది అర్జెంటీనా ఆటగాడు స్టాబిలే అని దశాబ్దాల పాటు రాసుకున్నారు. అంతకు రెండు రోజుల ముందే పరాగ్వేపై అమెరికా ఆటగాడు బెర్ట్ పాటెనాడ్ మూడు గోల్స్ చేశాడని ఫిఫా 2006లో అంగీకరించి రికార్డు సరిచేసింది. డెబ్బై ఆరేళ్ల తరవాత! అంత దూరం ఎందుకు, పక్కనే విజయనగరం జిల్లా కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో మొదట కాంస్యంతో నిలిచింది. స్వర్ణం గెలిచిన క్రీడాకారిణి డోపింగ్ పరీక్షలో దొరికిపోవడంతో ఆ పతకం రజతంగా మారింది. అంతర్జాతీయ క్రీడల్లో పతకాలే మారుతుంటే, ఇక్కడి క్విజ్ మార్కుల జాబితా శిలాశాసనమా?

ఈ ‘కీ’ని ఇలాగే వదిలేస్తే వచ్చే ఏడాది ఇంకో మండలంలో దీన్నే జిరాక్సు తీసి వాడతారు. అక్కడా ఎవరో ఒక అమ్మాయి సరైన జవాబు రాసి సున్నా తెచ్చుకుంటుంది. మూడోసారికి మార్తా పేరు తెలిసిన పిల్ల కూడా మార్కు కోసం రొనాల్డో అని రాస్తుంది. అబద్ధం రాస్తేనే బహుమతి అని పిల్లలకు నేర్పడానికా ఇంత ఖర్చుపెట్టి పోటీలు?

నిర్వాహకులు వెంటనే ఆ జవాబు పత్రం మళ్లీ దిద్ది, సవరించిన ఫలితాన్ని ఆ పాఠశాలకు లిఖితపూర్వకంగా పంపాలి. బహుమతి ఇప్పటికే ఇచ్చేశామంటే ఇంకొకటి కొని ఇవ్వండి. వేదికకు, శాలువాలకు దొరికిన డబ్బు ఒక కప్పుకు దొరకదా? అదీ చేతకాకపోతే వచ్చే ఏడాది ఆడపిల్లలను క్విజ్‌కు పిలవడం మానేయండి. ఆ మాట ఆహ్వానపత్రంలోనే అచ్చువేయించండి.